పక్కపక్క గళ్ళలో రెండు నీలాలు

ఈ మధ్య ఒక తెలుగమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను చేసి రిటైరైన ఉద్యోగంలోనే, మా రంగుల కంపెనీలోనే కొత్తగా చేరిందట. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్ ఇళ్ళకు వెళ్ళి ఏ గదికి ఏ రంగు నప్పుతుందో చెప్పడం మా పని. గోడ ఫొటో తీస్తే రంగు పూసి చూపించే యాప్ వచ్చేసింది కదా ఆంటీ, ఇక మన పనేముంటుంది అని అడిగింది. అనుమానించడం, అన్నాను. నవ్వింది. నేను సరదాకు అనలేదు.

కాకినాడ నుంచి మావారి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం పుణ్యమా అని ఢిల్లీ వచ్చినదాన్ని. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఊరి ఇళ్ళల్లో తిరిగాను. నాకు వచ్చిన బహుమతుల గురించి, బదిలీల గురించి రాస్తే చదివేవాళ్ళకు ఆవలింతలు తప్ప ఏమీ రావు. అందుకని వాటిని వదిలేసి, ఆ అమ్మాయికి, ఆమె తర్వాత వచ్చేవాళ్ళకు పనికొచ్చేవే చెబుతాను.

ముందుగా దేన్ని నమ్మకూడదు

కంపెనీ ఇచ్చే రంగుల అట్టను నమ్మకూడదు. అది మన కంపెనీదే అయినా సరే. బొటనవేలంత గడిలో అమాయకంగా కనిపించిన రంగు నాలుగు గోడలెక్కేసరికి గయ్యాళిదవుతుంది. దుకాణంలో వెలిగే ట్యూబ్‌లైటును నమ్మకూడదు. దాని కింద చూసిన రంగు ఆ దుకాణంలోనే అలా ఉంటుంది. 'మీ ఇష్టం మేడమ్, మీరేది చెబితే అదే' అనేవాళ్ళను అసలు నమ్మకూడదు. గోడ ఆరకముందే ఫోన్ చేసి ఇదేం రంగండీ అని నిలదీసేది వాళ్ళే.

రంగులన్నిటిలోకీ ఎక్కువ అనుమానించాల్సింది నీలాన్ని. పసుపు ఎక్కడున్నా పసుపే. నీలం మాత్రం ఏ ఎండకా గొడుగు పట్టే రకం. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట.

గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ వార్డెన్ గారు ఉండేవారు. రంగు ఎంచడానికి ఆడమనిషి సలహా ఏమిటన్నట్టు చూశారు నన్ను. దుకాణంలోనే నిలబడి, అక్కడి వెలుతురులోనే చూసి, ప్రశాంతమైన నీలం అంటూ ఒకటి తేల్చేశారు. హాస్టల్ వసారాల్లో ఉన్నవి పసుపు బల్బులు. రంగు వేశాక ఆ వసారాలన్నీ వంకాయ రంగులోకి తిరిగాయి. పిల్లలు ఆ అంతస్తుకు బైంగన్ మహల్ అని పేరు పెట్టారు. వార్డెన్ గారు మమ్మల్ని పిలిపించి, డబ్బాల్లో వేరే రంగు పోసి పంపారని గొంతు చించుకున్నారు. మూత తీసి చూపిస్తే డబ్బాలో ఆయన నీలమే ఉంది. ఆయన ఆ డబ్బాను కూడా నమ్మలేదు.

బేర్ సరాయ్‌లో చదువుకునే పిల్లలకు గదులు అద్దెకిచ్చే ఒక పెద్దమనిషి అంతకంటే ఘనుడు. గదిని పెద్దదిగా చూపించే నీలం కావాలన్నాడు. గదిలోకి వెళ్ళగానే మంచం వెనక గోడ మీద నా అరచెయ్యి పెట్టాను. చెమ్మ. ఆయనకు కావలసింది గదిని పెద్దది చేసే నీలం కాదు, కొత్త కుర్రాళ్ళు దిగేలోగా బూజును దాచే నీలం. అలాంటి నీలం మా దగ్గర లేదని చెప్పి వచ్చేశాను. ఇంకెవరో ఇచ్చే ఉంటారు.

మల్హోత్రా మేడమ్

నా పై అధికారిణి మల్హోత్రా మేడమ్. ఆవిడను నేను ఇష్టపడ్డానని చెబితే అబద్ధమవుతుంది. మేం ఒక ఇంటికి వెళ్ళొచ్చామని చెబితే ఆ ఇంటికి ఫోన్ చేసి నిజంగా వచ్చారా, ఎంతసేపు కూర్చున్నారు అని ఆరా తీసేది. ఎదురుగా మాత్రం బేటా అనేది. కానీ నాకు తెలిసినదాంట్లో సగం ఆవిడ నేర్పిందే.

ఇంటివాళ్ళను ఏ రంగు ఇష్టం అని అడగొద్దనేది. ఈ గదిలో ఎవరుంటారు, ఏ వేళప్పుడు ఉంటారు అని అడగమనేది. అదీ మొగుడూ పెళ్ళాలను ఒకే సోఫాలో కూర్చోబెట్టి కాదు. అలా అడిగితే ఒకళ్ళే మాట్లాడతారు, రెండోవాళ్ళు తలూపుతారు. విడివిడిగా అడిగితే జవాబులు కలవవు. కలవని చోటే మనం ఆలోచించాల్సింది ఉంటుందనేది.

రెండు రంగుల మధ్య తగువు వస్తే ఆవిడ పద్ధతి ఇంకొకటి ఉంది. రెండిటినీ అదే గోడ మీద పక్కపక్కనే వెడల్పుగా పూసి, కొన్ని రోజులు అలా వదిలేయాలి. ఇంటివాళ్ళు వాళ్ళకు కుదిరిన వేళల్లో చూసుకోవాలి. మనం మళ్ళీ వెళ్ళినప్పుడు వాళ్ళు ఏం చెబుతారో వినాలి. ఈ పూతలను మేం నమూనా మచ్చలు అనేవాళ్ళం. ఆ మచ్చలు గోడ గురించి చెప్పడానికే ఉన్నాయని చాలా ఏళ్ళు అనుకున్నాను. జనక్‌పురిలో ఒక ఇంటికి వెళ్ళే దాకా.

జనక్‌పురిలో చిన్న గది

నేను రిటైరయ్యే ముందు వచ్చిన చలికాలం అది. పొగ కమ్ముకుని ఊరంతా గొంతు సవరించుకుంటున్న రోజులు. పిలిచినవాళ్ళు తెలుగువాళ్ళే, కరీంనగర్ వైపు. శ్రీధర్ నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతని భార్య మాధవి కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తుంది. ఆరో తరగతి చదివే కూతురు. రెండో అంతస్తు ఫ్లాట్‌లో సామాన్లు పడేసుకునే మూల గదిని ఖాళీ చేసి, ఆ పిల్ల చదువుకునే గదిగా చేస్తున్నారు. నీలం కావాలని పిల్ల అడిగిందట. అమ్మ తెలుగులో ఏది అడిగినా అది హిందీలోనే జవాబిస్తుంది.

మాధవి అట్ట మీద ఒక నీలం చూపించింది. శ్రీధర్ దాని పక్క గడిలోని నీలం చూపించాడు. పైవాళ్ళెవరైనా చూస్తే కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారనుకుంటారు. అంత దగ్గరగా ఉన్నాయి. కానీ మాధవి చూపినదాంట్లో రవ్వంత ఎరుపు ఛాయ ఉంది, శ్రీధర్ చూపినదాంట్లో రవ్వంత ఆకుపచ్చ ఛాయ ఉంది. రాయడానికి వీలుగా వాటిని మొదటి నీలం, రెండో నీలం అంటాను. సోమవారం సాయంత్రం రెండు మచ్చలూ కిటికీ పక్క గోడ మీద పూయించాను.

ఆ తర్వాత మల్హోత్రా మేడమ్ ప్రశ్నలు వేశాను. మాధవిని వంటింట్లో అడిగాను. పాప ఒక్కతే వాడుతుంది, బడి నుంచి వచ్చాక సాయంత్రాలు చదువుకుంటుంది అంది. పగలు ఇంట్లో ఎవరూ ఉండరట. పొద్దున శ్రీధర్ పాపను బడి బస్సు ఎక్కించి అటే మెట్రోకు వెళ్ళిపోతాడు, ఆమె కాసేపాగి తాళం వేసుకుని బయల్దేరుతుంది. శ్రీధర్‌ను గదిలో అడిగాను. అతనూ సరిగ్గా అదే చెప్పాడు. ఒక్క మాటైనా అటూ ఇటూ కాలేదు. మల్హోత్రా మేడమ్ ఉంటే అక్కడే కనుబొమలు ముడేసి ఉండేది. నేను మాత్రం పని తేలిగ్గా అయిపోయిందని సంతోషించాను. సాయంత్రం లైటు కింద వాడే గదికి మొదటి నీలమే నయం. ఆ వెలుగులో అది మెత్తగా ఉంటుంది, రెండోది కొంచెం చలిగా కనిపిస్తుంది.

శుక్రవారం సాయంత్రం ఖరారు చేసుకుందామని వెళ్ళాను. మాధవి హాల్లో కింద కూర్చుని పచ్చి బఠాణీలు ఒలుస్తోంది. శ్రీధర్ నన్ను గదిలోకి తీసుకెళ్ళి మొదటి మచ్చ చూపించాడు.

"ఇది వద్దు ఆంటీ. పొద్దుగాల మంచిగనే ఉంటది. మధ్యాహ్నం ఎదురు బ్లాక్ గోడ మీద ఎండ పడ్డదంటే గదంత పసుపు వెలుగొస్తది. అప్పుడిది బూడిద లెక్క అయితది. మల్ల సాయంత్రం లైటేసే దాక అట్లనే చచ్చినట్టుంటది. రెండోది గట్ల కాదు, మధ్యాహ్నం గుడ సల్లగుంటది."

అక్షరాలా నిజం. కిటికీలు లేని ఎదురు బ్లాక్ గోడ ఆవపిండి రంగు. దాని మీద పడి వచ్చే వెలుతురు ఎరుపు ఛాయ ఉన్న నీలాన్ని చంపేస్తుంది. ఈ సంగతి నాకు చదువు చెప్పింది, అతనికి ఆ గోడే చెప్పింది. ఇన్నేళ్ళలో ఇంత వివరంగా గోడను చూసిన ఇంటాయన నాకు తగల్లేదు. మెచ్చుకోబోయి ఆగిపోయాను. మచ్చలు పూసింది సోమవారం సాయంత్రం. ఇవాళ శుక్రవారం. మధ్యలో సెలవు లేదు. పగలు తాళం వేసి ఉండే ఇంట్లో మధ్యాహ్నం ఈ గోడను చూసిందెవరు?

"ఇప్పుడు ఇంటి నుంచే పనా బాబూ?" అన్నాను, ఊరికే అన్నట్టు.

జవాబు హాల్లోంచి మాధవి చెప్పింది. ఇంటి నుంచి పనెక్కడిది ఆంటీ, వాళ్ళ కంపెనీలో అందరూ ఆఫీసుకు రావాల్సిందే, రోజూ నోయిడా దాకా పోయొచ్చేసరికి మనిషి నీరసపడిపోతున్నాడు అంది. శ్రీధర్ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. నేను తొంగి చూశాను. మాధవి తల వంచుకుని బఠాణీలు ఒలుస్తూనే ఉంది. అతను చెప్పింది ఆమె విననే లేదనుకున్నాను.

నాకు ముందు వచ్చింది పాడు ఆలోచనే. పెళ్ళాం ఆఫీసుకు వెళ్ళాక మధ్యాహ్నాలు ఇంటికి చేరే మగాడి గురించి మరెవరికైనా ఏం తోస్తుంది? అవతల ఆ పిచ్చి తల్లి అతను నీరసపడుతున్నాడని బాధపడుతోంది. నాకు ఒళ్ళు మండింది. రంగు సంగతి వచ్చే వారం శనివారం తేల్చుకుందామని చెప్పి లేచాను.

గేటు దగ్గర

ఆటో ఎక్కిస్తానని శ్రీధర్ కిందికి వచ్చాడు. గేటు దాకా నడిచాం. అక్కడ ఆగి, మీకు అర్థమైంది కదా ఆంటీ అన్నాడు. అర్థం కాలేదు, అనుమానం మాత్రం వచ్చిందన్నాను.

అప్పుడు చెప్పాడు. ఎండాకాలంలోనే ఉద్యోగం పోయిందట. అతని టీమ్ మొత్తాన్ని ఒక్క వీడియో కాల్‌లో తీసేశారు. ఇంకో ఉద్యోగం దొరికాక రెండు కబుర్లూ కలిపి చెబుదామనుకున్నాడు. దొరకలేదు. చెప్పాల్సిన రోజు దాటిపోయిన కొద్దీ చెప్పడానికి ముఖం చెల్లలేదు. రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరి, పాపను బస్సెక్కించి, మెట్రోలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేవాడు, లేకపోతే పార్కుల్లో కూర్చునేవాడు. పొగ దిగాక దగ్గు పట్టుకుంది. అప్పట్నుంచి మాధవి వెళ్ళాక ఇంటికి వచ్చేస్తున్నాడు. ఇరుగుపొరుగుకు కనపడని గది అదొక్కటే కాబట్టి దాంట్లోనే కూర్చుంటున్నాడు. సాయంత్రం మళ్ళీ బ్యాగు తగిలించుకుని దిగి, ఆఫీసు నుంచి వచ్చినట్టు ఎక్కుతున్నాడు.

ఇంతకుముందు అనుకున్న పాడు ఆలోచనకు నాకు సిగ్గేసింది. జాలి కూడా వేసింది. అంతలోనే అతను ఇంకొకటి అడిగాడు.

"గోడల చెమ్మ ఉన్నదని చెప్పండి ఆంటీ. ఎండకాలం దాక రంగెయ్యొద్దని. పెయింటర్లొస్తే మాధవి లీవు పెట్టి ఇంట్లనే ఉంటది. నేనప్పుడు యాడ కూసోవాలె? బయట గాలి చూస్తనే ఉన్నరు గదా."

జాలి కాస్తా కోపంగా మారింది. మా వృత్తిలో అన్నిటికంటే సులువైన అబద్ధం చెమ్మ. రంగు ఆలస్యమైతే చెమ్మ, పెచ్చులూడితే చెమ్మ. నేను అంటే మాధవి మారు మాట్లాడకుండా నమ్ముతుంది కూడా. అందుకే నోరు రాలేదు. అతని అబద్ధం అతనిది, ఆ ఇంటిది. దాని పక్కన నాదొకటి పెట్టి రావడం నావల్ల కాదు.

"గోడ పొడిగా ఉంది బాబూ. నేనది చెప్పను. నీ సంగతీ చెప్పను, అది నాది కాదు. శనివారం వస్తాను. ఈలోగా నువ్వే చెప్పుకో."

ఠీక్ హై ఆంటీ అన్నాడు. చెప్పనివాళ్ళు అనే తీరులోనే అన్నాడు.

కొత్తవాళ్ళు ఇక్కడ కొంచెం ఆగండి. నాలుగు గోడల మధ్యకు వెళ్ళే ఉద్యోగం మనది. మనకు తెలియకూడనివి తెలుస్తూనే ఉంటాయి. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఏ మంచం ఏ గదిలోకి మారిందో గోడలు కొలిచేటప్పుడే కనబడిపోతుంది. వాటిని బయట ఉప్పూ కారం కలిపి చెప్పుకునేవాళ్ళు మనలో ఉన్నారు, నాకు వాళ్ళంటే అసహ్యం. అలాగని కళ్ళు మూసుకుని తిరిగితే రంగు తప్పుతుంది. అనుమానం పని కోసం వాడుకోవాలి, తీర్పు చెప్పడానికి కాదు. చెప్పడం సులువే. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. అతను చెప్పాడా, చెప్పకపోతే నేను ఆమె ముఖం ఎలా చూడాలి అన్నదే ఆలోచన. తనకేమీ తెలియదని నేను జాలిపడుతున్న ఆ అమ్మాయి ఆ వారం ఏం చేసిందో మాత్రం నాకు తట్టలేదు.

శనివారం

కావాలనే మధ్యాహ్నం వెళ్ళాను. తలుపు తీసిన శ్రీధర్ ముఖం చూడగానే తెలిసిపోయింది, చెప్పలేదు. పాప కింద ఆడుకోవడానికి వెళ్ళిందట. ఆ రోజు పొగ కాస్త పలచబడి ఎండ వచ్చింది. ఎదురు బ్లాక్ వెలుగు గదిలో పడుతోంది. అతను చెప్పినట్టే మొదటి మచ్చ బూడిదలా ఉంది. రెండోది హాయిగా ఉంది.

మాధవి ఆ రెండు మచ్చల ముందు నిలబడి ఉంది. నన్ను కూర్చోమనలేదు.

"ఆంటీ, ఒక్క మాట అడుగుత. పొద్దంత ఈ గదిలనే కూసునే మనిషికైతే ఈ రెండిట్ల ఏది మంచిది?"

శ్రీధర్ వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు. అడిగింది రంగు గురించి. రంగు గురించి అడిగితే జవాబు చెప్పడమే నా పని.

"రెండోదమ్మా," అన్నాను.

పాపకు అని అడిగింది. సాయంత్రం చదువుకే అయితే మొదటిది నయమని, రెండోది వేసినా పెట్టే లైటు మార్చుకుంటే సరిపోతుందని చెప్పాను. ఆమె తలూపింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మధ్యాహ్నం గోడ ఎట్లుంటదో మీరు ఆంటీకి చెప్పిన కాడికెల్లి నాకు నిద్ర లేదు. బుధవారం ఆఫీసుల చెప్పి మధ్యలనే ఇంటికొచ్చిన. నా తాళంచెవితోని సప్పుడు కాకుండ తలుపు తీసిన. గడప లోపల మీ బూట్లున్నయి. ఇంకో జత చెప్పులుంటయేమోనని వంగి చూసిన. లేవు. ఈ గదిల మీరు ఫోన్ల ఎవరికో ఇంటర్వ్యూ ఇస్తున్నరు. మల్ల తలుపేసి మెట్లు దిగి పోయిన."

శ్రీధర్ గోడకు చేరగిలబడ్డాడు. చెయ్యి వెళ్ళి మొదటి మచ్చ మీద పడింది. నేను చూసిన పాడు చూపే ఆమె కూడా చూసింది, నాకంటే వెయ్యి రెట్లు భయంతో చూసింది. ఆ భయంతో బుధవారం దాకా, అసలు సంగతి తెలిశాక శనివారం దాకా అతనికి వండి పెట్టింది, బ్యాగు తగిలించుకుని వెళ్తుంటే తలుపు దాకా వచ్చింది. అతను తనంతట తాను చెబుతాడని చూసి ఉంటుంది. నా కళ్ళు చెమర్చాయి. దాచుకోవడానికి రంగుల అట్ట తెరిచి చూస్తూ నిలబడ్డాను.

చెబుదామనే అనుకున్న మాధవీ అన్నాడు శ్రీధర్.

"రెండోదే రాసుకోండి ఆంటీ," అంది ఆమె. అతన్ని చూస్తూనే అంది. "పగటి పూట ఉండేది మీరు. మీ నీలమే ఏపిద్దాం. పెయింటర్లొచ్చినన్ని రోజులు ఇద్దరం హాల్ల కూసుందాం. సోమవారం కాడికెల్లి పొద్దున్నే బయటికి పోకుండ్రి. గాలి మంచిగ లేదు."

అతను ఛాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి మాధవీ వెళ్ళింది. నేను ఆ చిన్న గదిలో రెండో నీలం ముందు కూర్చున్నాను. వంటింట్లోంచి అతను ఏడవడం వినిపించింది, ఆ తర్వాత ఆమె. చాలాసేపటికి ఇద్దరూ కలిసి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఛాయ్ పెట్టడం ఇద్దరికీ గుర్తు లేదు.